పాత చొక్కాకు కొత్త పూలు

పిల్లలూ! మీ ఇంట్లో బట్టల పెట్టె అడుగున ఒక తెల్ల చొక్కా ఉండి తీరుతుంది. దానికి చిరుగు లేదు, బొత్తాలు ఊడలేదు, ఇంకా పొట్టి కూడా కాలేదు. అయినా మీరు దాన్ని తొడుక్కోరు. ఎందుకంటే, కాలరు పాలిపోయింది. జేబు పక్కన అరటికర మరక ఒకటి పడి, ఎన్నిసార్లు ఉతికినా పోనంటున్నది. ఇవాళో రేపో అమ్మ ఆ చొక్కాను చింపి, మసిగుడ్డలు చేసేస్తుంది.

అల్లా చెయ్యబోయే ముందు ఒక లెక్క చూడండి. ఒక్క నూలు చొక్కా తయారు కావాలంటే, పత్తి పండించటం మొదలు రంగు వెయ్యటం దాకా, సుమారు 2700 లీటర్ల నీరు ఖర్చవుతుందని తెలిసినవాళ్లు లెక్క కట్టారు. మనిషి రోజుకు మూడు లీటర్లు తాగుతాడనుకుంటే, అది రెండున్నర ఏళ్లపాటు తాగే నీరు! అంత నీరు తాగి పుట్టిన చొక్కా, వేలెడంత మరక కోసం మూల పడటం అన్యాయం గదా?

మరకను మనం పోగొట్టలేం. కాని దాన్ని కనిపించకుండా చెయ్యగలం. అందుకు కావలసినవి దారమూ, రంగూ, కాస్త ఓపికా. రంగు కూడా బజారులో కొననక్కర లేదు. అది మీ వంటింట్లోనే చెత్తబుట్టలోకి పోతున్నది.

చొక్కా జోలికి పోకముందు ఒక పాత చేతిరుమాలు మీద చెయ్యి తిప్పుకోవటం మంచిది. రుమాలు నడుమ ఒక చింతగింజ పెట్టండి. గింజ చుట్టూ గుడ్డను దగ్గరకు లాగి, గట్టి దారంతో పది పన్నెండు చుట్లు బిగించి ముడి వెయ్యండి. రుమాలును మామూలు నీళ్లలో తడిపి పిండి, చెంచాడు పసుపు కలిపిన వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచండి. తీసి, చల్లటి నీళ్లలో జాడించి, దారం విప్పండి. పసుపుపచ్చని గుడ్డ మధ్య ఒక తెల్లని చక్రం విచ్చుకుని కనిపిస్తుంది. గీసినట్టు గుండ్రంగా ఉండదు. అంచులు పువ్వు రేకుల మల్లే చీలి ఉంటాయి. అందం అంతా అందులోనే ఉంది.

దారం కట్టినచోట రంగు ఎందుకు ఎక్కలేదు? ప్రమిదలో వత్తి నూనెను పైకి పీల్చుకోవటం మీరు చూశారు. నూలుపోగుల మధ్య ఉండే సన్నని సందుల గుండా నూనె ఎల్లా ఎక్కుతుందో, రంగునీళ్లు కూడా అల్లాగే గుడ్డలోకి ఎక్కుతాయి. దారం బిగిస్తే ఆ సందులు మూసుకుపోతాయి. దోవ లేదు గనక రంగు ఆగిపోతుంది. మరి రుమాలును ముందే నీళ్లతో ఎందుకు తడపమన్నాను? పొడిగుడ్డ దాహంతో ఉన్నట్టు రంగును గబగబా లోపలికి లాగేస్తుంది. ముడి కిందకు కూడా పాకుతుంది. తడిసిన గుడ్డ సందుల్లో అప్పటికే నీళ్లుంటాయి గనక రంగు నిదానంగా, అన్ని చోట్లా సమంగా పడుతుంది.

ఇప్పుడు ఆ పసుపు రుమాలు మీద కొంచెం సబ్బునీళ్లు చిలకరించి చూడండి. పడ్డచోటల్లా ఎర్రబడుతుంది! పెళ్లిళ్లలో పసుపూ సున్నమూ కలిపి పారాణి చేస్తారు, గుర్తుందా? ఇదీ అదే. సున్నానికీ సబ్బుకూ ఉన్న క్షారగుణం తగలగానే పసుపు ఎర్రనవుతుంది. పైన నిమ్మరసం పిండితే మళ్లీ పసుపుపచ్చ అయి కూర్చుంటుంది. ఆట బాగానే ఉంది, కాని చొక్కాకు ఈ రంగు పనికిరాదు. ఉతికినప్పుడల్లా రంగు మారుతుంది. నాలుగు రోజులు ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది కూడా. పసుపు మనకు ముడులు వెయ్యటం నేర్చుకునేందుకే.

ఈ విద్య ఈనాటిది కాదు. ఏడో శతాబ్దంలో బాణభట్టు రాసిన హర్షచరితంలో, హర్షుడి చెల్లెలు రాజ్యశ్రీ పెళ్లి వేడుకలు వర్ణించిన చోట, ముడివేసి రంగద్దిన బట్టల మాట వస్తుంది. గుజరాతులోని కచ్ఛ్, జామ్‌నగర్ ప్రాంతాల్లోనూ, రాజస్థానులోనూ దీన్ని బాంధనీ అంటారు. బంధించటం అన్నమాటే అది. అక్కడి ఆడవాళ్లు చిటికెన వేలి గోరు పొడుగ్గా పెంచుకునో, వేలికి మొనదేరిన ఉంగరం తొడుక్కునో, ఆ మొనతో గుడ్డను ఆవగింజంత పైకి లేపి దారం చుడతారు. ఒక్కొక్క చుక్కకూ ఒక్కొక్క ముడి! మంచి చీరకు వేలకు వేలు ముడులుంటాయి. ఒక్క చీర ముడులు వెయ్యటానికి నెలల తరబడి పడుతుంది. ఇంత పనిచేసి, చీరను అమ్మేటప్పుడు చాలాసార్లు ముడులు విప్పరు. కొనేవాళ్ల ఎదుట ఇద్దరు రెండు వైపులా పట్టుకుని లాగుతారు. టపటపమని దారాలు ఊడిపోయి, చుక్కలన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. అచ్చు వేసిన చుక్కలు కావు, చేత్తో వేసినవే అనటానికి అంతకన్న సాక్ష్యం ఏం కావాలి?

సౌరాష్ట్రం నుంచి దక్షిణానికి వలసవచ్చి మధురలో స్థిరపడిన సౌరాష్ట్రులు ఇదే పని అక్కడ సాగించారు. మీ బామ్మను అడగండి, సుంగుడి చీర అనగానే ఆవిడకు తెలిసిపోతుంది. ఆ చీర మీది చుక్కలు ఇలా ముడివేసి తెప్పించినవే.

మన పోచంపల్లి, పుట్టపాక చీరల సంగతేమిటని మీరడగవచ్చు. వాటిలోనూ ముడి ఉంది, కాని అది గుడ్డకు కాదు, నూలుకు. నెయ్యక ముందే పోగులను కట్టలు కట్టి, అక్కడక్కడ బిగించి, రంగుల్లో ముంచుతారు. తరవాత ఆ పోగులను మగ్గం మీద పేరుస్తే చిలకలూ, ఏనుగులూ తేలుతాయి. ఎంత లెక్కగా కట్టాలో ఊహించండి! ఆ పోగులను సిద్ధం చేసే ఆసు పోయటంలో ఒక్క చీరకు చేతిని వేలసార్లు ఆడించాలి. తన తల్లి ఆ పనితో భుజాల నొప్పి పడటం చూడలేక, చింతకింది మల్లేశం అనే ఆయన ఎన్నో ఏళ్లు తంటాలు పడి, 1999లో ఆసుయంత్రం తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసుయంత్రం అని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మనం పోగుల జోలికి పోవద్దు. అది తలపండిన నేతగాళ్ల పని. మన చొక్కా దగ్గరికి వద్దాం.

పాత చొక్కాకు రంగు వెయ్యటంలో ఒక్క సంగతి మరిచిపోతే పని చెడుతుంది. రంగు ఉన్నదానికి చేరుతుందే గాని, ఉన్నదాన్ని తీసెయ్యదు. తెల్లటి చోటును మీరు ముడి కింద దాచుకుంటేనే అది తెల్లగా మిగులుతుంది. ఒకసారి రంగెక్కిన తరవాత తెలుపు మళ్లీ రాదు. వెలిసిన నీలిచొక్కాను పసుపురంగులో ముంచితే ఆకుపచ్చ అవుతుందే గాని పసుపు కాదు. ఇంకో సంగతి: చాలామంది మరకను ముడిలో కట్టేస్తారు. అది బొత్తిగా తప్పు! ముడిలో దాచినది ఎల్లా ఉన్నది అల్లాగే ఉండిపోతుంది. తెల్లని పువ్వు నడుమ అరటికర మరక మీకేసి చూస్తూ కూర్చుంటుంది. మరకను ముడికి బయటే ఉంచాలి, ముదురు రంగు పడేచోట. నూనె మరకైతే మటుకు ముందే సబ్బుతో పోగొట్టి తీరాలి. జిడ్డు ఉన్నచోట నీరు అంటదు, రంగూ అంటదు.

అన్ని చొక్కాలూ ఈ రంగు పట్టవు. నూలువే కావాలి. నూలో కాదో తెలియకపోతే, లోపలి అంచునుంచి ఒక పోగు లాగి, పెద్దవాళ్ల చేత పట్టకారుతో పట్టించి కాల్పించండి. నూలుపోగు కాగితం మల్లే మండి మెత్తని బూడిద అవుతుంది. పాలియెస్టరు పోగు కరిగి, గట్టి పూసలాగా ముద్ద కడుతుంది. గుడ్డను రెండు చేతులా పట్టుకుని లాగినప్పుడు పర్రుమంటే, దానికి రంగు వెయ్యటం దండగ; మసిగుడ్డ కావటమే దాని రాత. ఇంకో తమాషా ఉంది. నూలుచొక్కాలను కూడా ఈ రోజుల్లో తరచు పాలియెస్టరు దారంతో కుడుతున్నారు. చొక్కా అంతా రంగెక్కినా కుట్లు మటుకు తెల్లగానే నిలుస్తాయి. కొందరికి నచ్చదు. నాకైతే అది ముగ్గు గీత మల్లే బాగానే ఉంటుంది.

ఇక రంగు. ఉల్లిపొట్టు! కూర తరిగేటప్పుడు అమ్మ పారేసే ఎండిన పైపొరలు. బట్ట ఎంత బరువుంటే పొట్టు అంత బరువుండాలి. మీ చొక్కా 100 గ్రాములుంటే 100 గ్రాముల పొట్టు. అదెంత అనుకుంటున్నారేమో, పొట్టు గాలికి ఎగిరే సరుకు, ఒక పెద్ద సంచీ నిండుతుంది. ఇవాళే ఒక గుడ్డసంచీ వంటింట్లో మేకుకు తగిలించి, ఇరుగుపొరుగు పిన్నిగార్లకు కూడా చెప్పి ఉంచండి. కూరగాయల దుకాణంలో అడిగితే ఊరికే ఇస్తారు.

సంచీ నిండేలోగా చొక్కాను సిద్ధం చెయ్యవచ్చు. గంజి పెట్టిన బట్ట రంగును సరిగా పట్టదు. అందుచేత బట్టలసోడా వేసిన వేడినీళ్లలో నానబెట్టి, ఉతికి, బాగా జాడించాలి. ఆ తరవాత కరక్కాయ పని. పట్టూ, ఉన్నీ రంగును ఇట్టే పట్టుకుంటాయి. నూలు అల్లా కాదు, దానికి రంగుకూ మధ్య ఒక స్నేహితుడు కావాలి. కరక్కాయలో ఉండే వగరు పదార్థం పోగులకు అతుక్కుంటుంది. పటిక ఆ వగరును పట్టుకుంటుంది. రంగు వచ్చి పటికను పట్టుకుంటుంది. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నట్టన్నమాట. శ్రీకాళహస్తిలోనూ, మచిలీపట్నం దగ్గర పెడనలోనూ కలంకారీ వేసేవాళ్లు కూడా మొట్టమొదట గుడ్డను కరక్కాయలోనే ముంచుతారు.

100 గ్రాముల బట్టకు 20 గ్రాముల కరక్కాయ పొడి చాలు. మూడు లీటర్ల వేడినీళ్లలో కలిపి, బట్ట ముంచి, రాత్రంతా ఉంచండి. పొద్దున తీసి పిండి, జాడించకుండా ఆరెయ్యండి. తెల్లచొక్కా కాస్త వెన్నరంగుకు తిరుగుతుంది. ముడికింద దాచినది కూడా ఇక ఈ వెన్నరంగులోనే మిగులుతుంది. తరవాత 15 గ్రాముల పటికను వేడినీళ్లలో కరిగించి, ఇంకో రాత్రి అందులో నానబెట్టి, ఒక్కసారి జాడించండి. రంగులవాళ్లు కొందరు మైలుతుత్తం వాడతారు. అది విషం. మీరు దాని ఛాయలకు పోవద్దు.

ఇప్పుడు ముడులు. ఏ మరక ఎక్కడుందో చూసుకుని, ముందుగా సుద్దముక్కతో గుర్తులు పెట్టుకోండి. చింతగింజ పెట్టి కడితే రూపాయంత చక్రం, శనగగింజతో చిన్న చక్రం, బియ్యపుగింజతో చుక్క వస్తాయి. గింజ లేకుండా గుడ్డను నడుమ పట్టి లేపి, కిందకు వరసగా మూడు నాలుగు చోట్ల దారం బిగిస్తే, ఒకదాని చుట్టూ ఒకటిగా పెద్ద వలయాలు వస్తాయి. చొక్కాను ఒక మూలనుంచి ఏటవాలుగా చాపలాగా చుట్టి, జానెడేసి దూరాన బిగిస్తే ఏటవాలు చారలు. రాజస్థానులో తలపాగాలకు ఇల్లాగే చారలు తెప్పించి లెహెరియా అంటారు. మన లహరి అన్న మాటే అది, అల అని అర్థం. జపానులో, ఇప్పుడు నగోయా నగరంలో కలిసిపోయిన అరిమత్సు అనే ఊరుంది. 1608 నుంచీ ఆ ఊరిది ఇదే పని. దోవన పోయే ప్రయాణీకులకు ముడిరంగుల తుండుగుడ్డలు అమ్మి పేరు తెచ్చుకుంది. జపాను వాళ్ల పద్ధతుల్లో ఒకటి మీకు చాలా సులువు: గుడ్డను విసనకర్ర మాదిరి మడిచి, మళ్లీ అడ్డంగా మడిచి, రెండు చెక్కబద్దల మధ్య పెట్టి బిగించి కట్టటం. మడతల అంచులకే రంగు ఎక్కి, విప్పితే గళ్లు కనిపిస్తాయి.

దారం సంగతి చెప్పాలి. కుట్టుదారం చెయ్యి కోస్తుంది, తెగుతుంది. పొట్లాలు కట్టే గట్టి నూలుదారం మంచిది. కొవ్వొత్తిమీద రుద్దితే జారకుండా పట్టు ఇస్తుంది. పాత సైకిలు ట్యూబును సన్నని పీలికలుగా కోసి చుడితే ఇంకా బాగా బిగుస్తుంది. చుట్లు ఎంత బిగువో తెలుపు అంత తెలుపు. వదులు ముడి వేసినవాడికి రంగే చెబుతుంది.

పొట్టును మూడు నాలుగు లీటర్ల నీళ్లలో వేసి గంటసేపు ఉడికించాలి. పొయ్యి దగ్గర పెద్దవాళ్లు ఉండి తీరాలి. వంటకు వాడని గిన్నె తీసుకోండి; అది స్టీలుదైతే మంచిది, ఇనుముదైతే రంగు నల్లబడుతుంది. పొట్టు వడగట్టి, నీళ్లు కాస్త చల్లారిన తరవాత, తడిపి పిండిన చొక్కాను ముడులతోసహా అందులో వేసి, సన్నని సెగమీద ముప్పావుగంట ఉంచాలి. కర్రతో మెల్లిగా తిప్పుతూ ఉండాలి. దించి అల్లాగే చల్లారనివ్వండి. ఎర్ర ఉల్లిపాయల పొట్టుకు ఎర్రరంగు రావాలి గదా అని ఎదురు చూడకండి. గుడ్డమీద తేనెరంగో, ఆకుపచ్చ చాయగల పసుపో వస్తుంది.

ఇక్కడితో ఆపినా ముచ్చటగానే ఉంటుంది. కాని అరటికర మరక ఇంకా పూర్తిగా దాగదు, తేనెరంగు కింద లీలగా కనిపిస్తుంది. దాన్ని మింగెయ్యాలంటే నలుపు కావాలి. బాంధనీ చేసేవాళ్లు కూడా లేతరంగు ముందు, ముదురురంగు చివర వేస్తారు. తెల్లగా ఉండవలసినవి మొదట కట్టి పసుపులో ముంచుతారు. పసుపుగా ఉండవలసినవి అప్పుడు కట్టి ఎరుపులో ముంచుతారు. వెనకనుంచి ముందుకు రావటానికి వీల్లేదు. అందుచేత మొదటి ముడులు విప్పకుండా, తేనెరంగుగా మిగలవలసిన చోట్ల మరికొన్ని ముడులు వెయ్యండి. మరక ఉన్నచోట మాత్రం వద్దు.

నలుపు చెయ్యటం చాలా సులువు, కాని ఇరవై రోజుల ముందే మొదలుపెట్టాలి. ఒక మట్టికుండలో పిడికెడు తుప్పు మేకులు, పెద్ద బెల్లంముక్క, రెండు లీటర్ల నీళ్లు వేసి, గుడ్డ వాసెన కట్టి పెరట్లో ఒక మూల పెట్టండి. బెల్లం పులిసి పులుపెక్కి, ఆ పులుపు ఇనుమును కరిగిస్తుంది. వాసన మాత్రం భరించాలి. చిన్నపిల్లలకు అందనివ్వకండి. ఆ నీళ్లు వడగట్టి, చొక్కాను మూడు నాలుగు నిమిషాలు ముంచి తీయండి. కరక్కాయ ఎక్కిన గుడ్డ ఇనుపనీళ్లు తగలగానే బూడిదరంగుకు తిరిగి, గాలి తగిలినకొద్దీ మీరు చూస్తుండగానే నల్లబడుతుంది! పూర్వం కరక్కాయలూ అన్నభేదీ కలిపి రాతకు సిరా చేసేవారు. అన్నభేదిలో ఉన్నదీ ఇనుమే. అంటే మీరు చొక్కాకు సిరా పట్టిస్తున్నారన్నమాట. అరటికరలో ఉన్నది కూడా వగరే గనక, మరక కూడా నలుపుకు తిరిగి చుట్టూ ఉన్న నలుపులో కలిసిపోతుంది. ఇంకా నల్లగా కావాలని గంటలకొద్దీ నానబెట్టకండి. ఇనుము ఎక్కువైతే కాలక్రమాన నూలును తినేస్తుంది; అసలే అది పాత చొక్కా.

వెంటనే నాలుగైదు నీళ్లు మార్చి జాడించండి. ముడులు అప్పుడే విప్పకండి. నాకు తెలుసు, చేతులు ఆగవు. అయినా తడిమీద విప్పితే ముడికింద తెలుపులోకి రంగు జారుతుంది. నీడన ఆరనిచ్చి, దారాన్ని జాగ్రత్తగా కత్తిరించండి. కత్తెరతో చొక్కాను కూడా కత్తిరించి, ఇంత శ్రమా వృథా చేసుకున్నవాళ్లున్నారు. ముడివేసినచోట గుడ్డ కొన్నాళ్లు చిన్న చిన్న బుడిపెలుగా నిలబడి ఉంటుంది. ఇస్త్రీ చేసి అణచవచ్చు గాని, కచ్ఛ్‌లో ఆ బుడిపెలు చూసే అసలైన బాంధనీ అని గుర్తుపడతారు.

మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా ఉతకండి, లేకపోతే నాన్నగారి పంచె కూడా తేనెరంగుకు తిరుగుతుంది. తిరగేసి నీడన ఆరెయ్యండి. గిన్నెలో మిగిలిన ఉల్లిపొట్టు నీళ్లు పారబొయ్యకండి. అందులో ఇంకా సగం రంగుంది. చొక్కాతోపాటే కరక్కాయలోనూ పటికలోనూ ముంచి ఉంచిన రెండు రుమాళ్లుంటే, వాటికి లేత పసుపు వస్తుంది. మీ తమ్ముడో చెల్లెలో అప్పటికే చింతగింజలు పట్టుకుని పక్కన కూర్చుని ఉంటారు.